కడుపు ఒక్కటి తప్ప

కొరియాలోని మాసాన్ రేవు చేపల బజారులో జిన్ మల్‌సున్ అక్కను ఎవరూ బీమా ఏజెంటు అనరు, మన మల్‌సున్ అంటారు. వరసగా ఆడపిల్లలే పుడుతుంటే ఇక చాలని దేవుడికి విన్నవించుకోవడానికి పెట్టే పేరు అది, మన చాలమ్మలాగా. అంత పేరు పెట్టినా ఆమె తర్వాత ఇంకో చెల్లెలు పుట్టింది. "మా నాన్న నా మీద కట్టిన మొదటి పాలసీ అదే. క్లెయిమ్ రాలేదు," అని ఎవరడిగినా నవ్వుతూ చెబుతుంది.

ఇరవై ఏళ్ళకు పైగా ఆమె ఆ బజారులో పాలసీలు అమ్మింది. అమ్మే తీరు మాత్రం కంపెనీ నేర్పింది కాదు. కంపెనీ నేర్పేదేమిటంటే, మడమల జోళ్ళు వేసుకుని, రంగురంగుల పుస్తకం తెరిచి, రేపు మీరు పోతే మీ పిల్లల గతేమిటని ఎదుటివాళ్ళను బెదిరించమని. మల్‌సున్ అక్క ఆఫీసు మెట్లు దిగి బజారులోకి రాగానే ఆ జోళ్ళు విప్పేసేది. ఎండు నెత్తళ్ళు, కానాగంతలు అమ్మే గోసంగమ్మ దుకాణంలో బల్ల కింద ఆమె రబ్బరు బూట్లు ఉండేవి. అవి తొడుక్కుని, పీట లాక్కుని, గోసంగమ్మ పక్కన కూర్చుని నెత్తళ్ళ తలలు తుంచుతూ, కడుపులో నల్లటి చేదు తీసేస్తూ మాట్లాడేది. చావు ఊసు ఎత్తేది కాదు. ఎవరు ఆసుపత్రిలో ఉన్నారు, ఎవరికి డబ్బు వచ్చింది, ఎవరికి ఎందుకు రాలేదు, అవే కబుర్లు. తమ పని చేసిపెడుతున్న మనిషికి కాదని చెప్పడం ఎవరికైనా కష్టమే. పైగా ఎవరికైనా జబ్బు చేస్తే ఆసుపత్రికీ కంపెనీకీ మధ్య కాగితాల కోసం తిరిగేది ఆవిడే. ఇస్తామన్నది ఇవ్వడానికి కంపెనీ గొణిగితే కౌంటరు దగ్గర బైఠాయించేది ఆవిడే.

గోసంగమ్మకు డెబ్బై దాటాయి. గోసంగ్ నుంచి కోడలిగా వచ్చింది కాబట్టి ఆ పేరు. ఆమె ఇంటిల్లిపాదికీ పాలసీలు రాసింది మల్‌సున్ అక్కే. ఇద్దరికీ పడి చచ్చేంత స్నేహం, రోజూ పోట్లాట.

"ఇంకోటి రాయమంటావా గోసంగమ్మా, కీళ్ళకి కొత్తది వచ్చింది."

"నా కీళ్ళెప్పుడో అరిగిపోయాయే. మీ కంపెనీ వాటిని చూస్తే నా మీదే కేసు పెడుతుంది. నోరు మూసుకుని తలలు తుంచు."

ఆ బజారుకి మల్‌సున్ అక్క నేర్పిన సూత్రాలు రెండున్నాయి. డాక్టరు నోటి మాట పడేలోపే పాలసీ చేతిలో పడాలన్నది ఒకటి, ఎందుకంటే ఆసుపత్రి కాగితంలో ఒక్క ముక్క ఎక్కితే కంపెనీ తలుపు వేసేస్తుంది. పాత పాలసీని ముట్టుకోకూడదన్నది రెండోది. ఏళ్ళ తరబడి సోయా పులుసు ఊరిన జాడీని పగలగొట్టి కొత్తది కొనుక్కునేవాళ్ళు ఉంటారా అనేది. పాత రోజుల్లో కంపెనీలు ఇంకా తెలివి మీరక ఉదారంగా రాసిచ్చిన పాలసీలవి. అలాంటివి ఇప్పుడు ఎవరూ ఇవ్వరు.

ఇక కంపెనీ. దాని పేరు నేను రాయను. ఊళ్ళో తిరిగే ప్రతి బస్సు వెనకా వాళ్ళే రాసుకున్నారు, ఇంకా నేనెందుకు. బజారు మలుపులో మందుల దుకాణం పైన మూడో అంతస్తులో దాని బ్రాంచి ఉంది. అక్కడ ముప్పై మంది ఆడవాళ్ళు రోజూ పొద్దున్నే నిలబడి చప్పట్లు కొడుతూ "మనమంతా ఒకే కుటుంబం" అని అరవాలి. అది అయ్యాకే బయటికి వదిలేవారు. చట్టం ప్రకారం ఆ ముప్పై మందిలో ఒక్కరూ ఆ కంపెనీ ఉద్యోగులు కారు. ఎవరికి వారు సొంత వ్యాపారం చేసుకుంటున్న యజమానులట. యజమాని కనుక జీతం లేదు, సెలవు లేదు, మంచం పడితే అడిగే దిక్కు లేదు. నిజమైన ఉద్యోగులు ఆ గదిలో ఇద్దరే. ఒకరు బాంగ్ అనే మేనేజరు, నలభై కూడా నిండని మనిషి. ఇంకొకరు కంప్యూటరు దగ్గర కూర్చునే అమ్మాయి. చప్పట్లు కొట్టేటప్పుడు ముప్పై ఇద్దరూ ఒకే కుటుంబం, ఆసుపత్రి దగ్గరికొచ్చేసరికి ఇద్దరే కుటుంబం.

బాంగ్‌కి ఏటేటా ఒళ్ళంతా పరీక్ష, భార్యకి కూడా. పళ్ళకీ కళ్ళద్దాలకీ వ్యాయామశాలకీ అంతా కంపెనీయే. మరి ఆ ముప్పై మందికి ఏమీ లేదా అంటే, ఎందుకు లేదు, అంత మాట అనకూడదు. నడవలో రక్తపోటు చూసే యంత్రం పెట్టారు. చేతికి చుట్టే పట్టీ ఏనాడో చిరిగిపోతే వానాకాలంలో దాని మీద గొడుగులు ఆరేసుకునేవారు. పండక్కి ఒక్కొక్కరికీ విటమిన్ డబ్బా ఇచ్చేవారు, మీరు వాడకండి, కస్టమర్లకు ఇవ్వండి అని చెప్పి మరీ. ఏడాదికోసారి నవ్వు నేర్పే ఒక పెద్దమనిషి వచ్చి గంటసేపు అందరి చేతా హహ్హహ్హ అనిపించి పోయేవాడు, గుండెకి మంచిదని. ఎక్కువ అడుగులు నడిచినవాళ్ళకు ఫోనులో చుక్కలు వచ్చేవి. పొద్దస్తమానం మెట్లెక్కి దిగే ఆడవాళ్ళను ఇంకా నడవమని ప్రోత్సహించిన ఆ బుర్రను ఏ మ్యూజియంలోనైనా పెట్టాల్సిందే.

వీటన్నిటినీ తలదన్నేది ఒళ్ళంతా పరీక్ష. అది వాళ్ళకీ ఉంది, కాకపోతే బహుమతిగా. వసంత కాలంలో పోటీ పెట్టి, ఎక్కువ పాలసీలు తెచ్చిన ముగ్గురిని బూసాన్‌లో పెద్ద ఆసుపత్రికి పంపేవారు. ఆలోచించి చూడండి. ఒంట్లో బాగోలేనిది ఆ పోటీలో గెలవలేదు. గెలిచేంత ఓపిక ఉన్నదానికి ఆ పరీక్షతో పని లేదు. ఈ ఉపాయం కనిపెట్టిన మహానుభావుడికి మాత్రం ఏ పోటీ లేకుండానే ఏటా పరీక్ష జరిగి ఉంటుంది.

ఆ డిసెంబరు నెలాఖరున లెక్క ముగించే రోజు. నెల లక్ష్యం నిండేదాకా ఎవరూ ఇంటికి పోకూడదన్నది అక్కడి ఆనవాయితీ. ఆ సాయంత్రం ఒకే ఒక్క పాలసీ తక్కువ పడింది. అందరూ కోట్లు వేసుకుని, సంచులు భుజాన తగిలించుకుని, గోడ మీద బోర్డు వైపు చూస్తూ నిలబడ్డారు. కొందరి ఫోన్లలో పిల్లలు ఆకలంటున్నారు. బాంగ్ మల్‌సున్ అక్క ముందుకొచ్చి నడుము విరిగేలా వంగి దండం పెట్టాడు.

"మల్‌సున్ గారూ, మీ పేరు మీద పాత క్యాన్సర్ పాలసీ ఉంది కదండీ. దాన్ని తీసేసి కొత్తది రాసుకుంటే మన పని అయిపోతుంది. కొత్తదాంట్లో పళ్ళకి కూడా ఉంది."

"నా పళ్ళు బానే ఉన్నాయి బాబూ."

"మన కుటుంబం కోసమండీ."

"మా కుటుంబం కోసమే అది కట్టుకున్నాను. ఇంట్లో ఆయన నడుము పడిపోయి కూర్చున్నాడు. నేను మంచమెక్కితే మాకు అదొక్కటే ఆధారం."

"మీరు మంచం ఎక్కడమేంటండీ. మీకన్నా గట్టి మనిషి ఈ బ్రాంచిలో ఎవరున్నారు?"

మిగతావాళ్ళంతా ఆమెనే చూస్తున్నారు. సంచులు అటు భుజం నుంచి ఇటు భుజానికి మారాయి. బజారంతటికీ వద్దని చెప్పిన పని మల్‌సున్ అక్క తను చేసింది. సంతకం పెట్టగానే చప్పట్లు మోగాయి, ఆమె కోటుకి కాగితం పువ్వు గుచ్చారు, అందరూ మెట్ల మీదుగా పరుగెత్తారు.

కొత్త పాలసీ సంగతి చెప్పాలి. మొదటి మూడు నెలల్లో క్యాన్సర్ బయటపడితే దమ్మిడీ రాదు, ఆ భాగం అక్కడికక్కడే రద్దు. ఏడాదిలోపు బయటపడితే సగం వస్తుంది. ఏడాది దాటితేనే మొత్తం. జబ్బు దాచుకుని పాలసీ తీసుకునేవాళ్ళను ఆపడానికి పెట్టిన గడువు అది. సంతకం పెట్టిన రోజున మల్‌సున్ అక్కకు ఏ నొప్పీ లేదు.

జనవరి మధ్యలో మొదలైంది. అన్నం నాలుగు ముద్దలు తినేసరికి కడుపు నిండిపోయేది. రొమ్ము ఎముక కింద ఎవరో పిడికిలి పెట్టి నొక్కినట్టు ఉండేది. చిక్కిపోయింది. ఆఫీసులో ఆడవాళ్ళు మెచ్చుకున్నారు.

"ఏం తింటున్నావక్కా, నడుము ఇంత సన్నబడింది, మాకూ చెప్పు."

"ఏమీ తినడం లేదు, అదే రహస్యం," అంది ఆమె.

నిజం చెప్పింది మ్యోంగ్‌నే ఒక్కదానికే. ఆమెకన్నా పదేళ్ళు చిన్నది, ఆమె చెయ్యి పట్టుకునే ఈ పనిలోకి వచ్చింది. మెట్ల మలుపులో నిలబడి విషయమంతా విని మ్యోంగ్‌నే అడిగిన మొదటి మాట ఇది:

"డాక్టరు దగ్గరికి గానీ వెళ్ళావా అక్కా?"

"వెళ్ళలేదు."

"బతికించావు. వెళ్ళకు."

ఈ మాట ఇంకే ఇంట్లో, ఇంకే వీధిలో వినిపించినా పిచ్చివాళ్ళంటారు. ఆ మూడో అంతస్తులో మాత్రం అదే ప్రేమ. మ్యోంగ్‌నే కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ చెప్పింది. "మార్చి ఆఖరు దాకా ఓర్చుకుంటే సగమైనా వస్తుంది. ఏమీ లేకపోతే లేదనుకో. ఉంటే మాత్రం, ఇప్పుడు చూపించుకుంటే మీ ఆయన గతేంటి?" మల్‌సున్ అక్క తలూపింది. కొత్తగా చెప్పిందేముంది, ఆ పాఠం నేర్పింది తనే.

మెట్ల మీద మాట దాగదు కదా, వారం తిరక్కుండా సంగతి బాంగ్ చెవిన పడింది. లోపలికి పిలిచి బార్లీ టీ పోశాడు.

"నేను మేనేజరుగా కాదు, తమ్ముడిలా చెబుతున్నానండీ. మూడు నెలలు ఓర్చుకుంటే సగం, ఏడాది ఓర్చుకుంటే మొత్తం. మీలాంటి గట్టి మనిషికి ఏడాది ఎంతలో గడిచిపోతుంది."

"ఏడాదా?"

"మాటవరసకి అన్నానండీ. మీ మంచి కోసమే."

పాలసీ మూడు నెలల్లో రద్దయితే తన బ్రాంచి లెక్కలోంచి కూడా ఒకటి ఎగిరిపోతుందన్న మాట తమ్ముడు చెప్పలేదు. అక్కకు తెలియని మాటా కాదు.

వసంతం పోటీ మొదలైంది. ఈసారి పాల్గొనవద్దనుకుంది మల్‌సున్ అక్క. కానీ ఇంట్లో కూర్చుంటే నొప్పి మీదికే మనసు పోతుందని రోజూ బజారుకి వచ్చేది, వస్తే ఊరికే కూర్చోలేదు, తలలు తుంచుతూ మాట్లాడకుండా ఉండలేదు. మార్చి మొదటి వారానికి గోడ మీద బోర్డులో ఆమె పేరు మూడోది. ఒళ్ళంతా పరీక్ష గెలిచింది. చప్పట్లు కొట్టారు. గడువు తీరడానికి ఇంకా మూడు వారాలుంది.

ఈ బహుమతిని ఏం చేసుకోవాలో ఎవరికీ అర్థం కాలేదు. పరీక్షకి వెళితే కడుపులోకి గొట్టం వేసి చూస్తారు. చూస్తే కాగితం మీద పడుతుంది. కాగితం మీద పడితే పాలసీ పోతుంది. ఇంకొకరికి ఇచ్చేద్దామంటే బాంగ్ ఒప్పుకోలేదు, గెలిచిన ముగ్గురి ఫోటో పై ఆఫీసుకి పంపాలట. చివరికి ఆయనే దారి చెప్పాడు.

"మీరు రండి, మిగతావన్నీ చేయించుకోండి. ఎండోస్కోపీ దగ్గర మాత్రం వద్దని చెప్పండి. అది మన ఇష్టమేనండీ, బలవంతం లేదు. ఎత్తు, బరువు, కళ్ళు, చెవులు, వీటితో ఏ పాలసీకీ ప్రమాదం లేదు."

అలా కడుపు నొప్పి ఉన్న మనిషిని పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్ళారు, కడుపు ఒక్కటి తప్ప అన్నీ చూపించడానికి.

ఆ పరీక్షల అంతస్తు గురించి మల్‌సున్ అక్క చెబుతుంటే గోసంగమ్మ పడి పడి నవ్వేది. లేత ఊదారంగు గౌను, మెత్తటి చెప్పులు, ఎక్కడో జలపాతం చప్పుడు. ఒక అమ్మాయి వంగి నమస్కారం పెట్టి ఎత్తు కొలిచింది, ఇంకో అమ్మాయి బరువు తూచింది. ఒక కన్ను మూసి అక్షరాలు చదవమన్నారు. చెవిలో కీచుమన్నప్పుడు చెయ్యెత్తమన్నారు. పిడికిలి ఎంత బలంగా బిగిస్తుందో చూడటానికి ఇనుప పిడి ఇచ్చారు. ఆమె ఎంత బిగించిందో యంత్రం చూపించగానే ఆ అమ్మాయి, "మీ వయసుకి చాలా గట్టి చెయ్యి అమ్మా," అంది.

"నెత్తళ్ళ తలలు తుంచితే నీకూ వస్తుందే తల్లీ," అంది మల్‌సున్ అక్క.

మధ్యలో బాంగ్ వచ్చి ముగ్గురినీ గౌన్లతోనే నిలబెట్టి, మీ ఆరోగ్యమే మా ఆరోగ్యం అన్న బట్ట చేతికిచ్చి ఫోటో తీయించాడు. ఆ తర్వాత గొట్టం వేసే గది ముందు బల్ల మీద కూర్చోబెట్టారు. ముందు రోజు నుంచి ఏమీ తినలేదు కాబట్టి ఆమె కడుపు ఖాళీగా ఉంది, చూడాలంటే అంతకన్నా వీలైన రోజు లేదు. తలుపు తెరుచుకుంది. నర్సు పేరు పిలిచింది.

"జిన్ మల్‌సున్ గారూ."

లేచి నిలబడింది. గది లోపల తెల్లటి పరుపు కనిపించింది. "అక్కడ పడుకుంటే ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది, ఒళ్ళంతా ఆ పరుపు వైపే లాగింది," అని తర్వాత చెప్పింది. కానీ నోరు మాత్రం ఇరవై ఏళ్ళుగా నేర్చుకున్న మాటే అంది.

"నాకు వద్దమ్మా."

"అదేంటండీ, అందరూ దీని కోసమే వస్తారు."

"నాకు గొట్టమంటే భయం."

నర్సు ఏదో నొక్కింది, ఇంకొకరి పేరు పిలిచింది. చివరలో బియ్యపు జావ ఇచ్చారు, అందంగా గిన్నెలో, పైన నువ్వులు చల్లి. మల్‌సున్ అక్క సగం తింది. తిరుగు ప్రయాణంలో వ్యాను ఆపించి రోడ్డు పక్కన కక్కుకుంది. బాంగ్ నీళ్ళ సీసా ఇచ్చి, దారి మలుపులు ఎక్కువ కదండీ అన్నాడు.

మర్నాడు పొద్దున బజారుకి వచ్చింది. బూట్లు వేసుకోవడానికి వంగి, లేవలేక అలాగే బల్ల పట్టుకుంది. గోసంగమ్మ కానాగంత పొట్ట కోస్తూ కోస్తూ కత్తి ఆపింది.

"నిన్న ఏం చూశారే పెద్దాసుపత్రిలో?"

"అన్నీ చూశారు. కళ్ళు బాగున్నాయన్నారు."

"నీ కళ్ళు బాగుంటే నాకెందుకు. కడుపు?"

మల్‌సున్ అక్క అంతా చెప్పింది, పాలసీ మార్చిన సాయంత్రం నుంచి నువ్వులు చల్లిన జావ దాకా. గోసంగమ్మ మధ్యలో ఒక్క మాట అనలేదు. అది ఆమెకు అలవాటు లేని పని. అంతా విన్నాక చేతులు కడుక్కుంది.

"చేప తాజాగా ఉందో లేదో ఎలా తెలుస్తుందే?"

"మొప్ప ఎత్తి చూస్తే."

"మొప్ప ఎత్తకుండా మూడు నెలలు గోడకి వేలాడదీస్తే తాజాగా అవుద్దా?"

"నీకు తెలీదు గోసంగమ్మా. సగం వస్తే చాలు, ఏడాదైనా ఇల్లు గడుస్తుంది. ఆయన పనికి పోలేడు. నేను పడుకుంటే మాకు రూకలు రాల్చేవాళ్ళు లేరు."

"నువ్వు చస్తే మొత్తం వస్తుందేమో. అది రాసుకోలేకపోయావా?"

"అట్లా అనకు."

"నేనంటే నీకు కోపం. ఆ మేనేజరు ఏడాది ఓర్చుకోమంటే మాత్రం బార్లీ టీ తాగి వచ్చావు. నా కొడుకు కాలు విరిగినప్పుడు డబ్బు రాలేదని కంపెనీ గుమ్మంలో కూర్చుని పోట్లాడింది ఎవరే, నువ్వేనా? అప్పుడు పులివి. నీ దగ్గరికొచ్చేసరికి ఈ ఎండు నెత్తలివయ్యావు. లే."

"ఎక్కడికి?"

"మన వీధి డాక్టరు దగ్గరికి. నలభై దాటినవాళ్ళ కడుపు ప్రభుత్వమే చూస్తుంది, ఎన్నిసార్లు కబురొచ్చినా నువ్వు పోలేదు. పొద్దున ఏమన్నా తిన్నావా?"

"తింటే కదా."

"అదీ మంచికే. నడువు."

మల్‌సున్ అక్క కదల్లేదు. తను లేస్తే పాలసీ పోతుందని ఆమెకు ఖాయంగా తెలుసు. కడుపులో ఏముందో మాత్రం తెలియదు. తెలిసినదాన్ని వదులుకుని తెలియనిదాని వెంట నడవడం ఎంత కష్టమో గోసంగమ్మకి అర్థం కాలేదు, అర్థం చేసుకునే ఓపికా లేదు. బల్ల మీద సరుకు అలాగే వదిలేసి, పక్క దుకాణం ఆమెకి "పిల్లులు రాకుండా చూడు" అని చెప్పి, మల్‌సున్ అక్క చంక కింద చెయ్యి వేసి లేపింది. వంటింటి గుడ్డ కట్టుకున్న ముసలామె, ఒక కాలికి బూటు ఒక కాలికి జోడు వేసుకున్న మనిషి, ఇద్దరూ వీధి వెంట పోతుంటే బజారంతా చూసింది.

వీధి డాక్టరు గొట్టం వేసి చూశాడు. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాడు. కడుపు కింది భాగంలో పుండు, అది మంచి పుండు కాదని తేలింది. ఏప్రిల్ రాకముందే కోశారు. కడుపులో మూడొంతుల్లో రెండొంతులు తీసేశారు. జబ్బు కడుపు గోడ దాటి బయటికి పోలేదు, ఇంకొన్ని నెలలు ఆగి ఉంటే ఆ మాట చెప్పలేకపోయేవాళ్ళమని కోసిన డాక్టరు అన్నాడు. క్యాన్సర్ అని తేలిన రోజు నుంచి ఆసుపత్రి ఖర్చులో వీసమెత్తు తప్ప అంతా ప్రభుత్వ బీమాయే పెట్టుకుంది. ఆ బీమాను ఎవరూ ఇల్లిల్లూ తిరిగి అమ్మలేదు, దాని కోసం ఎవరూ పొద్దున్నే చప్పట్లు కొట్టలేదు.

ఇక కుటుంబం ఏం చేసిందో వినండి. గడువులోపల బయటపడింది కాబట్టి క్యాన్సర్ భాగం రద్దు చేసింది. కట్టిన సొమ్ము తిరిగి ఇచ్చింది. ఆ పాలసీ రాసినందుకు ఏజెంటుకు ఇచ్చిన కమీషన్ వెనక్కి పట్టుకుంది. రాసిందీ ఆమె, రోగీ ఆమె, పోగొట్టుకున్నదీ ఆమె, జరిమానా కూడా ఆమెకే. ఇరవై ఏళ్ళ పాత పాలసీ ఉండి ఉంటే ఏమొచ్చేదో ఆమె ఒక్కసారి కూడా లెక్క వేయలేదు. వేసి నాకెవరూ చెప్పొద్దంది.

కోసిన ఆరో రోజో ఏడో రోజో బాంగ్ పళ్ళబుట్టతో వచ్చాడు. వెంట కంప్యూటరు అమ్మాయి, మ్యోంగ్‌నే. గోసంగమ్మ అప్పటికే మంచం పక్కన స్టూలు మీద ఉంది. రెండు చెంచాల గంజి మింగడానికి అరగంట పట్టే మనిషికి పుచ్చకాయంత పియర్ పళ్ళు తెచ్చినందుకు ఆమె ముందుగా వాటి వైపు, తర్వాత అతని వైపు చూసింది.

"మా పత్రికలో మీ గురించి వేస్తామంటున్నారండీ పై ఆఫీసువాళ్ళు," అన్నాడు బాంగ్ మెల్లగా. "వసంతం పోటీలో గెలిచారు, సరిగ్గా అప్పుడే తొందరగా బయటపడింది, ప్రాణం దక్కింది. మిగతావాళ్ళకి ధైర్యంగా ఉంటుంది. మీరు రెండు మాటలు చెబితే చాలు, ఈ అమ్మాయి రాసుకుంటుంది."

గోసంగమ్మ నోరు తెరిచింది. మల్‌సున్ అక్క ఆమె మోకాలి మీద చెయ్యి వేసి ఆపింది.

"రాసుకో అమ్మాయ్," అంది. కుట్లు లాగుతున్నాయి కాబట్టి ఒక్కో ముక్కా ఆగి ఆగి చెప్పింది. "నా ఎత్తు కొలిచారు. బరువు కొలిచారు. కళ్ళు, చెవులు చూశారు. చెయ్యి గట్టిగా ఉందన్నారు. కడుపు చూపించుకోవద్దని మా మేనేజరు గారు తమ్ముడిలా చెప్పారు. ఏడాది ఓర్చుకోమన్నారు."

ఆ అమ్మాయి కలం పట్టుకుని బాంగ్ ముఖంలోకి చూసింది.

"అట్లా ఎలా వేస్తామండీ," అన్నాడు అతను.

"అయితే మానెయ్యండి బాబూ. ఇంకెవరిదైనా వేసుకోండి. నేను రేపటి నుంచి మీ కుటుంబం కాదు."

"కోపంలో అంటున్నారు. మీరు లేకపోతే మాకు ఆ బజారు ఎవరు చూస్తారు?"

"చూశావుటే," అంది గోసంగమ్మ ఇక ఉండబట్టలేక. "పొట్ట కోసి కుట్టించుకుని పడుంటే బజారు ఎవరు చూస్తారని అడగడానికొచ్చాడు. నాయనా, ఆ పళ్ళు పట్టుకుపో. మీ ఇంట్లో అందరి పళ్ళకీ బీమా ఉందటగా, కొరుక్కుని తినండి."

బాంగ్ నడుము వంచి దండం పెట్టి బయటికి నడిచాడు, ఆ అమ్మాయి వెంట వెళ్ళింది. బుట్ట మాత్రం వదిలేశాడు. గోసంగమ్మ దాన్ని పక్క మంచాలవాళ్ళకు పంచడానికి లేచింది.

మ్యోంగ్‌నే వెళ్ళలేదు. వచ్చినప్పటి నుంచీ గోడకి ఆనుకుని నిలబడే ఉంది. రోజూ నాలుగుసార్లు నడవాలని డాక్టరు చెప్పాడు కాబట్టి మల్‌సున్ అక్క సెలైన్ స్టాండు పట్టుకుని నడవలోకి బయలుదేరింది, మ్యోంగ్‌నే చెయ్యి ఆసరా ఇచ్చింది. కిటికీ దాకా పోయాక మ్యోంగ్‌నే అంది:

"నువ్వు నామీద కోపంగా ఉన్నావు కదక్కా. వెళ్ళకని చెప్పింది నేనే."

"నీకు నేర్పింది నేను. నా మీద నాకే కోపం రావాలి, దానికి కడుపులో చోటు లేదిప్పుడు."

మ్యోంగ్‌నే నవ్వలేదు. కిటికీలోంచి ఎటో చూస్తూ, "అక్కా, నేను కూడా పాలసీ మార్చాను," అంది. "నీకన్నా ముందు, శరదృతువు పండగ నెలలో. ఆ నెలా ఒకటి తక్కువైంది."

మల్‌సున్ అక్క ఆగింది.

"మూడు నెలలు దాటాయి. ఏడాది కావాలంటే ఇంకా ఆరు నెలలుంది," అంది మ్యోంగ్‌నే. కోటు మీద నుంచే ఎడమ చంక దగ్గర చెయ్యి పెట్టుకుంది, పెట్టుకున్న సంగతి ఆమెకే తెలియనట్టు. "చిన్నదే అక్కా. శనగగింజంత. నొప్పి కూడా లేదు."

"ఎప్పటి నుంచి?"

"నువ్వు కడుపు సంగతి చెప్పావే, అప్పటికే ఉంది."

ఆ మూడో అంతస్తులో ఎంతమంది అలా ఒంట్లో ఏదో పెట్టుకుని, పైన చిరునవ్వు తగిలించుకుని, చప్పట్లు కొడుతూ గడువు కోసం కాచుకుని ఉన్నారోనని అప్పుడే మల్‌సున్ అక్కకు మొదటిసారి అనిపించిందట. ఎడం చేత్తో స్టాండు తిప్పింది. కుడిచేత్తో మ్యోంగ్‌నే మణికట్టు పట్టుకుంది.

"ఎక్కడికక్కా, నీ గది ఇటు."

"కింద చీటీలు రాసే కౌంటరు మూసేలోపు పోవాలి."

"మొత్తం వస్తుంది కదక్కా, ఈ ఆరు నెలలు ఓర్చుకుంటే..."

"నడువు."

మ్యోంగ్‌నే చెయ్యి విడిపించుకోవాలని చూసింది. ఆ పట్టు వదల్లేదు. లిఫ్టు వచ్చేదాకా మల్‌సున్ అక్క పంటి బిగువున నిలబడింది, తలుపు తెరుచుకోగానే ముందు మ్యోంగ్‌నేని లోపలికి తోసింది.